ఎత్తు మీ ఇష్టం, టైము మాత్రం కాదు

పోయిన సంచికలో అంతరిక్ష కేంద్రాన్ని మేడ మీంచి ఎలా చూడాలో రాశాక వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకే చోట తిరుగుతున్నాయి. ఏ ఉపగ్రహానికి ఒక చుట్టుకు ఎంత టైము పడుతుంది, అంతే ఎందుకు పడుతుంది, మనం మార్చలేమా అని. అందుకని ఈసారి మిగతావి పక్కన పెట్టి వీటికే జవాబులు. మధ్యలో లెక్కలు వస్తాయి, టెన్షన్ పడకండి. ఫోన్‌లో ఉన్న క్యాలిక్యులేటర్ చాలు, చాలా ఫోన్లలో వర్గమూలం బటన్ కోసం ఫోన్‌ని అడ్డంగా తిప్పాలి, అంతే.

ప్రశ్న: మాస్టారూ, అంతరిక్ష కేంద్రం గంటన్నరలో భూమిని చుట్టేస్తుంది, చందమామకి 27 రోజులు కావాలి. దూరం ఎక్కువ కాబట్టి టైము ఎక్కువ, అది సరే. మరి దూరం రెట్టింపైతే టైము కూడా రెట్టింపు అవ్వాలి కదా? కాలం వర్గం, దూరం ఘనం అంటూ పుస్తకంలో ఏదో ఉంది, బట్టీ పట్టాను గానీ అర్థం కాలేదు.
– ఇంటర్ విద్యార్థి, ఏలూరు

జవాబు: దూరం పెరిగినప్పుడు రెండు మార్పులు ఒకేసారి వస్తాయి. ఒకటి నువ్వు పట్టుకున్నదే, చుట్టు పెద్దదవుతుంది. రెండోది నువ్వు వదిలేశావు: వేగం తగ్గుతుంది.

వేగం ఎందుకు తగ్గాలి అంటే, ఉపగ్రహం పైన ఊరికే తేలుతూ ఉండదు, అది భూమి వైపు పడుతూనే ఉంటుంది, కాకపోతే పక్కకి ఎంత జోరుగా పోతోందంటే అది కొంత కిందికి పడేలోగా దాని కింద భూమి కూడా అంతే వంగిపోతుంది, అందుకని పడటం ఎప్పటికీ పూర్తవదు. భూమి గట్టిగా లాగే చోట పక్కకి పోయే జోరు ఎక్కువ ఉండాలి, లేకపోతే కింద పడుతుంది. లాగుడు తక్కువున్న చోట అంత జోరు ఉంటే దూరంగా కొట్టుకుపోతుంది. 400 కిలోమీటర్ల ఎత్తులో, అంటే అంతరిక్ష కేంద్రం దగ్గర, భూమి లాగుడు మన నేల మీద ఉన్నదాంట్లో దాదాపు 90 శాతం ఉంటుంది (అక్కడ గురుత్వాకర్షణే లేదని టీవీలో ఎవరైనా అంటే నమ్మకు). చందమామ దగ్గరికి వచ్చేసరికి అది ఇక్కడి దాంట్లో 3,600వ వంతు. అందుకే కేంద్రం సెకనుకి 7.66 కిలోమీటర్లు పరిగెడుతుంటే చందమామ సెకనుకి ఒక కిలోమీటరు పైచిలుకుతో సరిపెట్టుకుంటుంది.

ఎంత తగ్గుతుందో కూడా తెలుసు. వేగం వర్గం దూరానికి విలోమానుపాతంలో ఉంటుంది, అంటే దూరం నాలుగు రెట్లయితే వేగం సగమవుతుంది. ఇప్పుడు కలిపి చూడు. దారి నాలుగు రెట్లు, వేగం సగం, కాబట్టి టైము ఎనిమిది రెట్లు. నాలుగు ఘనం 64, ఎనిమిది వర్గం 64. నువ్వు బట్టీ పట్టింది ఇదే. నువ్వడిగిన రెట్టింపు దూరానికైతే టైము 2.83 రెట్లు అవుతుంది. కెప్లర్ దీన్ని గ్రహాల లెక్కల్లో 1618లో పట్టుకుని మరుసటి ఏడాది ప్రచురించాడు, ఎందుకలా ఉందో మాత్రం ఆయనకి తెలీదు, దానికి న్యూటన్ 1687 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇప్పుడు నువ్వే చందమామ లెక్క చెయ్యి. చందమామ దూరం 3,84,400 కిలోమీటర్లు. కేంద్రం ఎత్తు సుమారు 420 కిలోమీటర్లు, దాని టైము 92.8 నిమిషాలు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు, 3,84,400ని 420తోనో 400తోనో భాగించేస్తారు. 400తో భాగిస్తే 961 వస్తుంది, దాన్ని దాని వర్గమూలంతో, అంటే 31తో గుణిస్తే 29,791, అంతసార్లు 92.8 నిమిషాలంటే ఐదేళ్లు దాటిపోతుంది! పౌర్ణమి ఐదేళ్లకోసారి వచ్చినట్టు. తప్పెక్కడంటే, దూరం నేల నుంచి కాదు, భూమి కేంద్రం నుంచి కొలవాలి. భూమి వ్యాసార్థం 6,371 కలిపితే అంతరిక్ష కేంద్రం దూరం 6,791 అవుతుంది. ఇప్పుడు భాగిస్తే 56.6, దాని వర్గమూలం 7.52, రెండూ గుణిస్తే దాదాపు 426 రెట్లు, అంటే 27.4 రోజులు. అసలుది 27.3. ఆ చిన్న తేడా కూడా నీ పొరపాటు కాదు, ముఖ్యంగా చందమామ బరువు వల్ల వచ్చింది, ఆ సంగతి కింది ప్రశ్నలో.

ప్రశ్న: బరువైన ఉపగ్రహం నెమ్మదిగా తిరుగుతుందా, త్వరగా తిరుగుతుందా?
– పాఠకుడు, ఖమ్మం

జవాబు: రెండూ కాదు. అంతరిక్ష కేంద్రం 420 టన్నుల దాకా ఉంటుంది, దాని బయటికొచ్చి రిపేరు చేసే వ్యోమగామి సూటుతో కలిపి రెండు మూడొందల కిలోలు, ఇద్దరూ పక్కపక్కనే పోతుంటారు. బరువు ఎక్కువైతే భూమి లాగుడు ఎక్కువే, కానీ దాన్ని వంచడానికి కావలసిన బలం కూడా అంతే ఎక్కువ, రెండూ కొట్టేసుకుంటాయి. చందమామ ఒక్కటే దీనికి కాస్త తేడా, ఎందుకంటే అది భూమి బరువులో 81వ వంతు ఉంది, భూమిని అది కూడా తిరిగి లాగుతుంది, అందుకే పై లెక్కలో 27.4 కాకుండా 27.3. మనం పంపేవాటికి ఆ గొడవ లేదు.

ప్రశ్న: మా డాబా మీద డిష్ బిగించి ఏళ్లవుతోంది, ఇంతవరకు కదపలేదు. శాటిలైట్ తిరుగుతుంటే డిష్ కూడా దాన్ని చూస్తూ తిరగాలి కదండీ? ఇంకోటి, 36 వేల కిలోమీటర్ల పైకి పంపే బదులు ఓ వెయ్యి కిలోమీటర్లలో పెడితే ఖర్చు తగ్గుతుంది, వాన పడినప్పుడల్లా సిగ్నల్ పోకుండానూ ఉంటుంది. ఎందుకు పెట్టరు?
– రిటైర్డ్ ఉద్యోగి, కరీంనగర్

జవాబు: మీ రెండు ప్రశ్నలకీ జవాబు ఒకటేనండి. డిష్ కదలకుండా ఉండాలంటే ఉపగ్రహం ఆకాశంలో కదలనట్టు కనబడాలి, అలా కనబడాలంటే భూమి తన చుట్టూ తాను ఒకసారి తిరిగే టైములోనే అది కూడా ఒక చుట్టు పూర్తి చేయాలి. ఆ టైము ఒకటి ఖాయం చేసుకున్నాక ఇక ఎత్తు మన చేతిలో లేదు. వెయ్యి కిలోమీటర్ల ఎత్తులో పెడితే అది 105 నిమిషాలకోసారి భూమిని చుట్టేస్తుంది, మీ డాబా మీంచి చూస్తే ఒక దిక్కున పొడిచి ఇంకో దిక్కున మునగడానికి మహా అయితే పావుగంటో ఇంకొంచెం ఎక్కువో. సీరియల్ మొదలై మొదటి బ్రేక్ వచ్చేసరికి శాటిలైట్ వెళ్లిపోతుంది.

లెక్క చూడండి. ఇలా కదలనట్టు కనబడే కక్ష్య, అంటే భూస్థిర కక్ష్య, భూమి కేంద్రం నుంచి 42,164 కిలోమీటర్లు, నేల మీంచి కొలిస్తే 35,786. పై విద్యార్థికి చెప్పిన పద్ధతిలోనే 42,164ని 6,791తో భాగించి, వచ్చిందాన్ని దాని వర్గమూలంతో గుణించి, 92.8తో గుణిస్తే 1,436 నిమిషాలు వస్తాయి, అంటే 23 గంటల 56 నిమిషాలు. 24 గంటలు రాలేదేమిటి అని అనుమానం రావచ్చు. సూర్యుణ్ణి బట్టి చూస్తే రోజుకు 24 గంటలు, కానీ ఆ రోజులో భూమి సూర్యుడి చుట్టూ తన దారిలో దాదాపు ఒక డిగ్రీ ముందుకు జరిగిపోతుంది, మళ్లీ సూర్యుడికి ఎదురుగా రావడానికి ఆ ఒక్క డిగ్రీ అదనంగా తిరగాలి, దానికే నాలుగు నిమిషాలు. నక్షత్రాలను బట్టి చూస్తే భూమి ఒక చుట్టు తిరిగేది 23 గంటల 56 నిమిషాల్లోనే, ఉపగ్రహానికి కావలసిందీ అదే.

ఇంకో సంగతి మీరు అడగలేదు గానీ చెప్తా. ఏ కక్ష్యయినా భూమి కేంద్రం చుట్టూ తిరగాల్సిందే, కాబట్టి కరీంనగర్ నడినెత్తిన ఒక ఉపగ్రహాన్ని కదలకుండా నిలబెట్టడం కుదరదు, భూమధ్యరేఖకి సరిగ్గా పైనే అది సాధ్యం. అందుకే మన దగ్గర డిష్‌లన్నీ దక్షిణపు దిక్కుకే చూస్తాయి, ఎటొచ్చీ కొంచెం అటో ఇటో. దూరదర్శన్ ఫ్రీ డిష్ ఛానళ్లు వచ్చే జీశాట్-15 తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల దగ్గర ఉంది, హైదరాబాద్ నుంచి అది ఆగ్నేయం వైపు 63 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. డిష్‌ని చూస్తే మాత్రం ఎదురింటి వాటర్ ట్యాంకుని చూస్తున్నట్టే ఉంటుంది, అది పళ్లేన్ని వంచిన తీరు వల్ల, దాని చూపు బాగా పైకే. కావాలని ఈ నియమాన్ని సగం పాటించేవి కూడా ఉన్నాయి: మనం ఎక్కడున్నామో చెప్పే మన నావిక్ ఉపగ్రహాల్లో కొన్నింటి కక్ష్య 29 డిగ్రీలు వాలి ఉంటుంది, టైము అదే 23 గంటల 56 నిమిషాలు, అవి ఆకాశంలో నిలబడవు, రోజూ ఎనిమిది అంకె గీసినట్టు ఉత్తరానికీ దక్షిణానికీ తిరుగుతాయి.

వాన సంగతి. సిగ్నల్ పోయేది 36 వేల కిలోమీటర్ల దూరం వల్ల కాదు, మీ ఇంటి పైన చివరి కొద్ది కిలోమీటర్లలో ఉన్న చినుకుల వల్ల. ఉపగ్రహం కిందికొచ్చినా ఆ చినుకులు అక్కడే ఉంటాయి. దూరం వల్ల నిజంగా వచ్చే ఇబ్బంది ఆలస్యం: పైకి వెళ్లి కిందికి రావడానికే పావు సెకను, ఫోన్ మాటల్లో అది తెలిసిపోతుంది. అందుకే ఇంటర్నెట్ కోసం స్టార్‌లింక్ లాంటివాళ్లు 550 కిలోమీటర్లలో పెట్టారు, అక్కడ చుట్టుకు 95 నిమిషాలే కాబట్టి ఒకటి మునిగేలోగా ఇంకొకటి రావాలి, దాంతో వేల ఉపగ్రహాలు పంపాల్సి వచ్చింది. ఖర్చు తగ్గిందని నేనైతే అనను.

ప్రశ్న: అక్కడ గాలి లేదు, అడ్డం లేదు. ఇంజిన్ వేసి స్పీడు పెంచితే ఉపగ్రహం తక్కువ టైములో చుట్టేసి రావాలి కదా సార్. మీరేమో ఎత్తు ఒక్కటే టైముని నిర్ణయిస్తుంది అంటున్నారు.
– డిగ్రీ విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ఇదే ప్రశ్న మీద నాసా వాళ్లు ఒకసారి చేతులు కాల్చుకున్నారు. 1965 జూన్ 3న జెమినీ-4లో జేమ్స్ మెక్‌డివిట్, ఎడ్ వైట్ అనే ఇద్దరు వెళ్లారు. తమని మోసుకొచ్చిన టైటన్ రాకెట్ రెండో దశ ఖాళీ డొక్కు దగ్గర్లోనే తేలుతోంది, దాని పక్కకి వెళ్లి నిలబడాలన్నది ప్లాను. హైవే మీద ముందు పోతున్న బస్సుని అందుకోవాలంటే ఏం చేస్తాం, యాక్సిలరేటర్ తొక్కుతాం. మెక్‌డివిట్ కూడా ముక్కు అటు తిప్పి ఇంజిన్ వేశాడు. డొక్కు దూరమైంది. మళ్లీ వేశాడు, ఇంకా దూరమైంది, పైగా కిందికి జారిపోతున్నట్టు కనబడింది. ఇంధనం కరిగిపోతుంటే ఇక చాలని వదిలేశారు. (వైట్ ఆ రోజే బయటికి వచ్చి అంతరిక్షంలో నడిచిన మొదటి అమెరికన్ అయ్యాడు, అందరికీ ఆ ముచ్చటే గుర్తు, ఈ తిప్పలు ఎవరికీ గుర్తుండవు.)

జరిగిందేమిటంటే, ఇంజిన్ వేస్తే ఆ క్షణానికి స్పీడు పెరుగుతుంది, నిజమే. కానీ ఆ అదనపు జోరు నౌకని పై కక్ష్యలోకి ఎక్కిస్తుంది, ఎక్కేకొద్దీ వేగం పోతుంది, చుట్టు కూడా పెద్దదవుతుంది, చివరికి తేలేది ఏమిటంటే స్పీడు పెంచినవాడే వెనకబడతాడు. ముందున్నదాన్ని అందుకోవాలంటే రివర్సులో ఇంజిన్ వేసి స్పీడు తగ్గించాలి, అప్పుడు కిందికి దిగి, చిన్న చుట్టులో త్వరగా తిరిగి, కింది నుంచి దాన్ని అందుకోవచ్చు. అదే ఏడాది డిసెంబర్ 15న జెమినీ-6ఎ తక్కువ కక్ష్య నుంచి మొదలుపెట్టి దాదాపు ఆరు గంటలు ఓపిగ్గా లెక్క ప్రకారం ఎక్కుతూ వచ్చి జెమినీ-7 పక్కన నిలబడింది, రెంటి మధ్యా దూరం 30 సెంటీమీటర్ల దాకా తగ్గింది. మన ఇస్రో శ్రీహరికోట నుంచి 2024 డిసెంబర్ 30న పంపిన స్పేడెక్స్ ఉపగ్రహాల జంట కూడా 2025 జనవరి 16న కలిసేదాకా అన్ని రోజులు తీసుకుంది, తొందరపడితే పని చెడే చోటు అది.

గాలి లేదన్నారు, అది పూర్తిగా నిజం కాదు. 400 కిలోమీటర్ల దగ్గర బహు పలచగా ఉంటుంది, అది చేసే చిత్రం చూడండి. 2023 నవంబర్‌లో ఇద్దరు మహిళా వ్యోమగాములు కేంద్రం బయట పని చేస్తుండగా ఒక పనిముట్ల సంచి చెయ్యి జారింది. సంచి తేలిక, కాబట్టి గాలి రాపిడి దాని మీద ఎక్కువ పనిచేసింది. రాపిడి అంటే బ్రేకు, మరి సంచి వెనకబడాలి కదా? కొద్ది రోజుల తర్వాత బైనాక్యులర్స్‌తో చూసినవాళ్లకి సంచి ముందు, కేంద్రం వెనక! బ్రేకు పడింది, సంచి కొంచెం కిందికి దిగింది, కింద చుట్టు చిన్నది, వేగం ఎక్కువ, కొన్ని నిమిషాలు ముందుకు దూసుకుపోయింది. అలా దిగుతూ దిగుతూ 2024లో వాతావరణంలోకి వచ్చి కాలిపోయింది. అంతరిక్ష కేంద్రానికీ ఇదే గతి పట్టకుండా అప్పుడప్పుడూ ఇంజిన్లు వేసి పైకెత్తుతుంటారు, ఎత్తిన ప్రతిసారీ దాని చుట్టు టైము కాస్త పెరుగుతుంది. మేడ మీంచి చూసే వేళలు వారం ముందు ఇచ్చినవి తప్పేది ఇందుకే.

ప్రశ్న: వృత్తాకార కక్ష్య అయితే దూరం ఒకటే. మంగళయాన్ ఒకవైపు 421 కిలోమీటర్లు, ఇంకోవైపు 77 వేల కిలోమీటర్లు కదా, సూత్రంలో ఏ దూరం వేయాలి? పిల్లలు అడిగితే సగటు అన్నాను, సరేనా?
– ఉపాధ్యాయురాలు, నల్గొండ

జవాబు: దగ్గరి కొస, దూరపు కొస కలిపి సగం చేయాలి, ఆ అర్థంలో మీరు చెప్పింది సరే. మంగళయాన్ 2014 సెప్టెంబర్ 24న అంగారకుణ్ణి చేరినప్పుడు దగ్గరి కొస 421.7, దూరపు కొస 76,993.6 కిలోమీటర్లు. సగం 38,708, దానికి అంగారకుడి వ్యాసార్థం 3,390 కలిపితే 42,098 కిలోమీటర్లు. దగ్గరి కొసలో రివ్వున పోతుంది, దూరపు కొసలో ఈడ్చుకుంటూ పోతుంది, అయినా మొత్తం చుట్టుకు పట్టే టైము 42,098 కిలోమీటర్ల గుండ్రటి కక్ష్యలో తిరిగేదానికి పట్టినంతే. నాకైతే ఈ సూత్రంలో అన్నిటికన్నా వింతగా అనిపించేది ఇదే, కక్ష్య ఎంత సాగదీసినా టైము దాన్ని పట్టించుకోదు.

ఆ 42,098 అంకెని ఒకసారి చూడండి. పైన డిష్ ప్రశ్నలో వచ్చిన 42,164కి పక్కనే ఉంది! అంటే దాదాపు ఒకే దూరంలో, ఒకటి భూమి చుట్టూ, ఇంకొకటి అంగారకుడి చుట్టూ. భూమి చుట్టూ తిరిగేదానికి 23 గంటల 56 నిమిషాలు, మంగళయాన్‌కి 72 గంటల 52 నిమిషాలు. దూరం ఒకటే అయినప్పుడు టైములో తేడా దేనివల్ల? మధ్యలో ఉన్న గ్రహం బరువు వల్ల. 72.87ని 23.93తో భాగిస్తే 3.045, దాన్ని వర్గం చేస్తే 9.3 దాకా వస్తుంది. భూమి అంగారకుడికి 9.3 రెట్లు బరువు, పుస్తకాల్లో ఉన్నది కూడా ఇంతే. మీ క్లాసులో తక్కెడ లేకుండా గ్రహాన్ని తూచి చూపించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలీదు, అదీ మన దేశపు నౌకతో. ఇదే పని గురుడితో కూడా చేయొచ్చు: అయో అనే దాని చందమామ 4,21,700 కిలోమీటర్ల దూరంలో ఉంది, మన చందమామ కన్నా కాస్త ఎక్కువ, అయినా రోజున్నర దాటి కొంచెంలో, అంటే 1.77 రోజుల్లో చుట్టేస్తుంది, లెక్క కడితే గురుడు భూమికి మూడొందల పైచిలుకు రెట్లని తేలుతుంది.

అంగారకుడి సొంత చందమామ ఫోబోస్‌ని కూడా పిల్లలకి చెప్పండి. అది గ్రహ కేంద్రానికి 9,376 కిలోమీటర్లలోనే ఉంది, 7 గంటల 39 నిమిషాల్లో చుట్టేస్తుంది, అంగారకుడి రోజేమో మన రోజు కన్నా కొంచెం ఎక్కువ. గ్రహం కన్నా అదే జోరుగా తిరుగుతోంది కాబట్టి అక్కడ నిలబడి చూస్తే ఫోబోస్ పడమట పొడిచి తూర్పున మునుగుతుంది.

ప్రశ్న: భూమిని ఒక్క గంటలో చుట్టే శాటిలైట్‌ని ఎందుకు పంపరు?
– ఏడో తరగతి, గుంటూరు

జవాబు: పంపలేరు నాన్నా. కిందికి వచ్చేకొద్దీ టైము తగ్గుతుంది, కానీ తగ్గి తగ్గి నేలని రాసుకుంటూ పోయినా 84 నిమిషాలకి దిగదు, అదీ కొండలూ గాలీ లేవనుకుంటే. 1961 ఏప్రిల్ 12న యూరీ గగారిన్ తిరిగిన కక్ష్యలో చుట్టుకు 89 నిమిషాలు పడుతుంది, నిజంగా సాధ్యమయ్యేది ఆ దరిదాపుల్లోనే. గంటలో చుట్టాలంటే కక్ష్య భూమి కేంద్రానికి సుమారు 5,080 కిలోమీటర్లలో ఉండాలి, అంటే నీ కాళ్ల కింద దాదాపు 1,300 కిలోమీటర్ల లోతున, అదీ భూమి బరువంతా నడిమధ్య కుప్పపోసినట్టు ఉంటేనే.

పోనీ వేరే గ్రహం దగ్గర కుదురుతుందా అంటే, అక్కడా కుదరదు. నేలని రాసుకుంటూ తిరిగేదానికి పట్టే టైము గ్రహం ఎంత పెద్దది అన్నదాని మీద కాదు, ఎంత దట్టంగా ఉంది అన్నదాని మీదే ఆధారపడుతుంది. అంత పెద్ద గురుడి దగ్గర దాదాపు మూడు గంటలు పడుతుంది, అది ఎక్కువగా తేలికైన హైడ్రోజన్, హీలియంలతోనే తయారైంది కాబట్టి. చంద్రయాన్-1 చిన్న చందమామ చుట్టూ 100 కిలోమీటర్ల ఎత్తులో తిరిగినప్పుడు 118 నిమిషాలు పట్టింది. ఎనిమిది గ్రహాల్లో అన్నిటికన్నా దట్టమైనది మన భూమే, అందుకే 84 నిమిషాల రికార్డు మనదే.